దళారి రుసుము కాయకమగునా?

కాయకమనగానే దేహమును వంచి చేయు పనియే మనస్సునకు తోచుట సహజము. మడివాలు మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. బసవనికి పూర్వుడైన జేడర దాసిమయ్య మగ్గము నేసెను. ఈ శరణుల పేర్లు తలచినంతనే వారి పనిముట్లు కన్నుల ముందు నిలుచును. అయితే బసవేశ్వరుడు చేసిన కాయకమేమి? బిజ్జలుని కొలువున కరణికముతో నారంభించి భండారి పదవి వరకు ఆయన చేసినది లెక్కలు వ్రాయుట, ఒరుల ధనమును కాచుట. అందు గుడ్డ నేయబడలేదు, త్రాడు పేనబడలేదు. అయినను అది కాయకమే యని శరణ సంప్రదాయము తలదాల్చినది. కావున “వస్తువును పుట్టింపనివాడు కూలికి అర్హుడు కాడు” అను వాదము వీరశైవ ధర్మమున నిలువదు. స్థిరాస్తి దళారిని గూర్చి తీర్పు చెప్పబూనువారు ఈ సంగతిని ముందుగా జ్ఞాపకముంచుకొనవలెను.

దళారిపై లోకము మోపు నేరములు రెండు. స్థలము కొన్నవాడు రిజిస్ట్రారు కార్యాలయము మెట్లు దిగుచు, “రెండుమార్లు బండిపై త్రిప్పి లక్ష రూపాయలు పట్టుకొనిపోయెను” అని గొణుగుకొనును. ధరలు పడిపోయిననాడు అతడే, “ఈ బ్రోకర్లే మమ్ము ముంచిరి” అని కేకలు వేయును. మొదటి మాట ప్రకారము దళారి ఏమియు చేయనివాడు. రెండవ మాట ప్రకారము అంతయు చేసినవాడు. ఒకే నోట ఈ రెండును వెలువడుట వింత. సత్యము ఈ రెంటి నడుమ ఎచ్చటనో యున్నదని చెప్పి తప్పించుకొనుట సులభమే గాని, దానివలన ప్రయోజనము లేదు. అతడు దేనికి కూలి పుచ్చుకొనుచున్నాడో తేల్చినగాని, దేనికి నిందార్హుడో తేలదు.

పశువుల సంతలో దళారి తువాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరము కుదుర్చును. ఎద్దు పండ్లు చూచి వయస్సు చెప్పును; కాడికి వంగునో, మొరాయించునో చెప్పును. అతని చేతిలో పెట్టు రూపాయలు ఆ ఎరుకకు వెల. భూమి విషయమున ఇట్టి ఎరుక మరింత అవసరము. ఎద్దునైతే నాలుగడుగులు నడిపించి చూడవచ్చును. భూమి లోపమో, కాగితములలో దాగియుండును. పాత దస్తావేజులు ఒకదానితో నొకటి కలియుచున్నవా? ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టులో తాకట్టు ఏదైన కనబడుచున్నదా? రిజిస్ట్రేషను చట్టము 22-ఎ సెక్షను క్రింది నిషేధిత భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉన్నదా? అది అసైన్డు భూమియా, చెరువు శిఖమా? అన్నదమ్ముల పంపకము కాగితముపై జరిగినదా, నోటిమాటతో ముగిసినదా? లేఔటునకు అనుమతి వచ్చినదా, వచ్చుననుచున్నారా? ఆర్.టి.సి. డ్రైవరుగా పనిచేసి విరమించినవాడు తన ప్రావిడెంటు ఫండు సొమ్ముతో జీవితమున ఒకేమారు స్థలము కొనును. దళారికి ఇది నిత్యకృత్యము. ఆ అనుభవమును అరువిచ్చి, “అయ్యా, ఈ స్థలము మీకు వలదు, దీనిలో తగవు కలదు” అని చెప్పగల దళారికి లక్ష రూపాయలిచ్చినను తక్కువే.

చిక్కంతయు ఇక్కడనే కలదు. “వలదు” అను మాటకు అతనికి కూలి లేదు. “కొనుడు” అను మాట ఫలించిననాడే కూలి. కొనువాడు ఎరుకకు వెల యిచ్చుచున్నాననుకొనును. నిజమునకు ఇచ్చుచున్నది బేరము ముగిసినందుకు. ఈ రెండును ఒకటి కావు. వేయి కల్లలాడి యైనను ఒక పెండ్లి చేయవలెనను సామెత పెండ్లికి ఎంతవరకు చెల్లునో గాని, భూమి బేరమునకు మాత్రము దానిని శాస్త్రముగా చేసికొన్నవారు ఊరూరను కలరు.

కూలిని శాతములలో కట్టుటలో మరియొక దోషమున్నది. తెలుగునాట వాడుకగా నున్నట్లు ఒకటి రెండు శాతములే అనుకొందము. ఏబది లక్షల యింటికి రెండు శాతము లక్ష. కోటి రూపాయల యింటికి రెండు లక్షలు. చూపిన గదులు అవే, త్రిప్పిన కాగితములు అవే, శ్రమ రెట్టింపు కాలేదు. పైగా ధర పెరిగినకొలది కూలి పెరుగుచుండ, కొనువానిచే జీతము గొని కొనువాని కొరకు ధర తగ్గింపజూచుట ఎట్లు పొసగును? అమ్మువాని కైనను ఈ పద్ధతి పూర్తిగా మేలు చేయదు. మరియొక నెల ఓపిక పట్టినచో కోటి యింటికి మూడు లక్షలు అదనముగా వచ్చుననుకొనుడు. ఆ మూడు లక్షలు యజమానికి గొప్ప. దళారికి దానిలో దక్కునది ఆరు వేలు. ఆరు వేలకై నెల ఆగి బేరము చెడుననెడి భయమును భరించుటకన్న, నేడే రెండు లక్షలు పుచ్చుకొనుట అతనికి మేలు.

ఇది ఊహ మాత్రము కాదు. స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు అమెరికాలోని షికాగో ప్రాంతమున సుమారు లక్ష యిండ్ల విక్రయములను పరిశీలించి 2008లో తమ ఫలితములను ప్రకటించిరి. దళారులు తమ సొంత యిండ్లను అమ్ముకొన్నప్పుడు, ఒరుల యిండ్లను అమ్మిపెట్టినప్పటి కన్న తొమ్మిది పది దినములు అధికముగా ఆగిరి, సుమారు 3.7 శాతము అధిక ధరను పొందిరి. తన యింటికి ఓర్పు, ఒరుల యింటికి తొందర. ఈ దళారులందరును దుర్మార్గులని దీనికర్థము కాదు. మంచివాడైనను కూలి కట్టిన తీరు అతనిని అటువైపునకే లాగుచున్నది. లాగుచున్నదని తెలిసికొని నిలద్రొక్కుకొనుటయే కాయకవంతుని లక్షణము.

దళారుల పక్షమును గూడ వినవలెను. పదిమందికి చూపగా ఒకడు కొనును. తక్కిన తొమ్మిదిమంది వెంట తిరిగిన పెట్రోలు ఖర్చు, పోయిన దినములు ఎవరిచ్చెదరు? ఇంతకన్న హీనమైన సంగతి మరియొకటి కలదు. దళారి వెంట వచ్చి ఇల్లు చూచి, యజమాని ఫోను నంబరును మెల్లగా సంపాదించి, అతనిని తప్పించి బేరము కుదుర్చుకొను గృహస్థులు తక్కువమంది కారు. నొసట విభూతి ధరించి, మెడలో లింగము కట్టుకొని ఈ పని చేసి, “కమీషను మిగిల్చితిని” అని ఇంట చెప్పుకొనుట కూలివాని కూలి యెగవేయుటయే. దళారి కల్లలను గూర్చి ఉపన్యసించుటకు వీరికి అర్హత లేదు.

రుసుము ఎంత యుండవలె నన్నది ఒక ప్రశ్న. అది అందరికి తెలిసి కుదిరినదా యన్నది మరియొక ప్రశ్న. రెండవదే ముఖ్యమని అమెరికాలో ఇటీవల జరిగిన వ్యాజ్యము చూపుచున్నది. అచట చిరకాలముగా ఇల్లు అమ్మువాడే ఐదారు శాతము ఇచ్చుట, దానిని అమ్మువాని దళారి, కొనువాని దళారి పంచుకొనుట వాడుక. ఈ కట్టుబాటు రుసుములను కృత్రిమముగా పెంచుచున్నదని అమ్మినవారు దావా వేయగా, మిస్సోరి రాష్ట్రమున 2023 అక్టోబరు 31న జ్యూరీ దళారుల జాతీయ సంఘమునకు, కొన్ని పెద్ద సంస్థలకు వ్యతిరేకముగా సుమారు 180 కోట్ల డాలర్ల నష్టపరిహారము నిర్ణయించినది. 2024 మార్చిలో ఆ సంఘము 41.8 కోట్ల డాలర్లకు రాజీపడినది. ఆ సంవత్సరము ఆగస్టు 17 నుండి, కొనువానికి ఇల్లు చూపుటకు ముందే తన రుసుమెంతో దళారి వ్రాతమూలకముగా ఒప్పందము చేసికొనవలెనను నియమము అమలునకు వచ్చినది. ఇంతటి సంపన్న దేశమున, ఇంత పెద్ద వృత్తిలో, కూలి యెంతో ముందుగా కాగితముపై వ్రాయించుటకు న్యాయస్థానము వరకు పోవలసివచ్చెను!

ఇక రెండవ నేరము. ఆ దేశముననే ఇండ్ల ధరలు 2006లో శిఖరమునకు చేరి, పిదప కూలసాగినవి. 2008 సెప్టెంబరు 15న లీమన్ బ్రదర్స్ దివాలా తీయుటతో ఆ పతనము లోకమంతటికి తెలిసినది. దానికి దళారియే కారణమా? 2003లో కేంద్ర బ్యాంకు వడ్డీరేటును ఒక శాతమునకు దింపినది. ఋణసంస్థలు ఆదాయపు ఋజువైనను అడుగక అప్పులిచ్చినవి. మొదటి రెండేండ్లు తక్కువ వడ్డీ చూపి, తరువాత పెంచినవి. ఆ అప్పుపత్రములను పెద్ద బ్యాంకులు మూటలు కట్టి అమ్మినవి. ఆ మూటలకు రేటింగు సంస్థలు అత్యున్నతమైన యోగ్యతాపత్రములిచ్చినవి. అదుపు చేయవలసిన ప్రభుత్వము చూచుచు ఊరకున్నది. ఇందు దేనినైనను వీధిలోని దళారి చేయలేదు. పందిరి కూలినందుకు భజంత్రీలను పట్టి కొట్టినట్లు, పతనమునకు అతనినే మూలకారకునిగా చేయుట న్యాయము కాదు.

అయినను అతడు నిర్దోషి యనుటకు వీలులేదు. దళారుల జాతీయ సంఘమునకు ప్రధాన ఆర్థికవేత్తగా నుండిన డేవిడ్ లెరియా, ధరలు ఆకాశమంటుచున్న 2005లో, ఈ భూముల జోరును మీరు జారవిడుచుకొనుచున్నారా యని అడుగుచు ఒక పుస్తకమునే ప్రకటించెను. సంక్షోభమును విచారించుటకు నియమింపబడిన సంఘము 2011 జనవరిలో ఇచ్చిన నివేదికలో మరియొక సంగతి కలదు. ఇండ్లకు విలువ కట్టు నిపుణులలో, విలువను పెంచి వ్రాయుమను ఒత్తిడికి గురియైతిమన్నవారు 2003లో 55 శాతము కాగా, 2006 నాటికి 90 శాతమైరి. ఆ ఒత్తిడి ఎక్కువగా ఋణపు దళారుల నుండి వచ్చినది. స్థిరాస్తి దళారుల నుండియు, ఋణదాతల నుండియు వచ్చినది. పలు సందర్భములలో అప్పు పుచ్చుకొను గృహస్థుల నుండియే వచ్చినది. తరువాత మునిగి విలపించినవారిలో కొందరు ఇట్లు ముందు తూకపురాయిని మార్చుమన్నవారే. నిందను పంచునప్పుడు వారి వాటాను మరువరాదు.

అంబిగర చౌడయ్య కాయకమును ఇచట తలచుకొనుట యుక్తము. పడవవాడును మధ్యవర్తియే. అతడు నదిని త్రవ్వలేదు, గట్టును కట్టలేదు. ఈ గట్టువానిని ఆ గట్టునకు చేర్చి కూలి పుచ్చుకొనును. వరద వచ్చుట అతని తప్పు కాదు. కాని పడవవాని మాటకు విలువ ఎందువలన కలిగినది? వరద వచ్చినప్పుడు అతడును అదే పడవలో నుండును. “నేడు నది మంచిది కాదు” అని అతడు చెప్పిన మాటలో అతని ప్రాణము కలదు. స్థిరాస్తి దళారి గట్టుపై నిలిచి పడవను త్రోయువాడు. “నది ప్రశాంతముగా నున్నది, ఎక్కుడు” అని పిలుచుట అతని పని. ఎక్కినంతనే అతని కూలి అతనికి ముట్టును. “వరద వచ్చునని నాకును తెలియదు” అని అతడు తరువాత చెప్పు సమాధానము నిజమే కావచ్చును. అయితే అతడు అమ్మినది ఎరుకను. తెలియనిదానిని తెలిసినట్లు పలికి కూలి గొన్నవానికి, తెలియకపోవుట క్షమాపణ కాజాలదు.

ఇట్టి వరద తెలుగునాటను వచ్చినది. ఇచట దానికి కారణము బ్యాంకులు కావు, రాజధాని. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప, ఆ సెప్టెంబరు 4న విజయవాడ పరిసరములలో రాజధాని యని శాసనసభలో ప్రకటించిరి. అంతకు ముందే నూజివీడు పేరు వినబడి అచట భూముల ధరలు ఎగిరినవి, ప్రకటనతో చల్లబడినవి. తరువాత కృష్ణాతీరమున ఇరువది తొమ్మిది గ్రామములలో భూసమీకరణ క్రింద రైతులు ముప్పదిమూడు వేల యెకరములకు పైగా ఇచ్చిరి. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగినది. రైతులకు తిరిగి రావలసిన ప్లాట్లు సైతము సరిహద్దురాళ్లు పాతకమునుపే చేతులు మారసాగినవి. 2019 డిసెంబరు 17న మూడు రాజధానుల మాట శాసనసభలో వినబడుటతో ఆ ధరలు కుప్పకూలినవి. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వ మార్పు, 2025 మే 2న పనుల పునఃప్రారంభము అందరెరిగినవే.

ఈ ఎత్తుపల్లములలో దేనికిని దళారి కర్త కాడు. రాజధానిని పెట్టినది అతడు కాదు, కదలించినది అతడు కాదు. కాని ఆ నాలుగేండ్లు “రెండేండ్లలో రెట్టింపు, నాది పూచీ” యని ఊరూర తిరిగి చెప్పినది ఎవరు? ఏ పూచీ? పతనమైన పిదప ఏ దళారియైనను ఆ పూచీని చెల్లించినట్లు వినబడలేదు. గుంటూరు జిల్లాలో బంగారము తాకట్టు పెట్టి స్థలము కొన్నవాడు 2020లో కూతురి పెండ్లికై దానినే నష్టమునకు అమ్ముకొనవలసి వచ్చినప్పుడు, ఆ అమ్మకమునకును కమీషను ఇచ్చుకొనెను. ఎక్కునప్పుడు కూలి, దిగునప్పుడు కూలి. తన మాట నమ్మి నష్టపడినవాని వద్ద ఆ రెండవ రుసుమునైనను వదలుకొన్న దళారి ఎచ్చటనైన నుండినచో, అతనిని కాయకవంతుడని నిస్సంకోచముగా పిలువవచ్చును.

వరద వేరు, చిల్లి పడవ వేరు. హైదరాబాదు చుట్టుపట్ల ప్రీ-లాంచి యను పేర జరిగిన అమ్మకములు రెండవ కోవకు చెందినవి. కట్టడమునకు అనుమతి రాకమునుపే, చదరపు అడుగు ధర సగమే యని ఆశ చూపి, అవిభక్త భూభాగము పేర మొత్తము సొమ్మును ముందుగా కట్టించుకొనుట దీని తీరు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము ప్రకారము 500 చదరపు మీటర్లకు గాని, ఎనిమిది ఫ్లాట్లకు గాని మించిన ప్రాజెక్టును నమోదు చేయింపక అమ్మరాదు. ఒప్పందపు రిజిస్ట్రేషను లేక వెలలో పది శాతమునకు మించి పుచ్చుకొనరాదు. 9వ సెక్షను దళారిని గూడ నమోదు చేసికొనుమనుచున్నది. 10వ సెక్షను, నమోదు కాని ప్రాజెక్టును అతడు అమ్మింపరాదని, లెక్కలు వ్రాసి యుంచవలెనని, కొనువానికి పత్రములన్నియు అందజేయవలెనని శాసించుచున్నది. తప్పినచో దినమునకు పదివేల చొప్పున, ఆస్తి విలువలో ఐదు శాతము వరకు జరిమానా. కమీషను ఇంత యని మాత్రము ఆ చట్టము నిర్ణయింపలేదు. అనుమతి లేదని తెలిసియు ఫ్లాటును అంటగట్టిన దళారి “వరద వచ్చినది” అని చెప్పుటకు వీలులేదు. చిల్లి అతనికి ముందే కనబడినది.

చట్టమును గూర్చి చెప్పుకొనునప్పుడు 1872 నాటి కాంట్రాక్టు చట్టమును మరువరాదు. ఒప్పుకొన్న పనిలో దుర్వర్తనకు పాల్పడిన ఏజెంటుకు, ఆ పనిమేరకు ప్రతిఫలము అడుగు హక్కు లేదని దాని 220వ సెక్షను చెప్పుచున్నది. యజమాని యెరుగకుండ ఏజెంటు తన సొంతమునకు వ్యవహారము నడిపి లాభపడినచో, ఆ లాభమును యజమాని రాబట్టుకొనవచ్చునని 216వ సెక్షను. అమ్మువానితో ముప్పదియేడు లక్షలని, కొనువానితో నలువది లక్షలని చెప్పి, నడుమ మూడు లక్షలు మ్రింగి, పైని ఇరువైపుల కమీషను అడుగు చమత్కారులు ఈ రెండు సెక్షనులను ఒకమారు చదివించుకొని వినుట మేలు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున, బసవడు భండారపు ధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెములు చెప్పువారు బిజ్జలునితో చెప్పిన కథ కలదు. బసవడు కోపింపలేదు, లెక్క చూచుకొమ్మని భండారమును తెరపించెను. లెక్క సరిపోయెను. దీనిని మహిమగా చదువువారు మహిమగానే చదువుదురు గాక. ఒరుల ధనమును కాచువాడు ఏ క్షణముననైనను పెట్టె తెరచి చూపుటకు సిద్ధముగా నుండుట అందలి లోకవ్యవహారము. దళారి పెట్టెలో ఉండవలసినవి కొద్దియే: ఎవరివద్ద ఎంత పుచ్చుకొనుచున్నాడు, ఇరువైపుల పుచ్చుకొనుచున్నాడా, ఆ స్థలములో తనకు గాని తన బంధువులకు గాని వాటా కలదా, అమ్మువాడు చెప్పిన అసలు ధర యెంత, కాగితములలో తాను చూచిన లోపమేమి. ఈ ఐదింటిని అడుగకముందే చెప్పువాని రుసుము, శాతమెంతయైనను, కాయకపు కూలియే. వీనిలో ఒక్కటి దాచినను అది మరియొక పేరునకు తగును.

ఈ విచారము వీరశైవ సమాజమున సంతకే పరిమితము కాదు. మఠము గడప వరకు వచ్చినది. బసవ జయంతి అన్నదానమునకు, కల్యాణమండప నిర్మాణమునకు, వెంచర్ల వ్యాపారులు, దళారులు ధారాళముగా విరాళము లిచ్చుచున్నారు. పాలరాతిపై వారి పేర్లు చెక్కబడుచున్నవి. వారిలో న్యాయముగా ఆర్జించినవారు కలరు; దళారి సొమ్మనినంతనే ముట్టరాదనుట మూఢత్వము. కాని ఇచ్చిన పిదప సంపాదన శుద్ధమగునను భ్రమ కొందరిలో బలపడుచున్నది. దాసోహమునకు కాయకమే మూలము. మూలము కలుషితమైనచో దాసోహమనునది లేనే లేదు. బియ్యపు గింజలేరు కాయకము గల ఆయ్దక్కి మారయ్య ఒకనాడు రోజుకన్న అధికముగా తెచ్చెను. దొంగిలినది కాదు, నేలరాలినదే. జంగమార్చనకే తెచ్చినది. అయినను లక్కమ్మ దానిని వండలేదు. అదనపు బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. పూజకు మరికొంత విరివిగా ఉపయోగించుదమని ఆమె అనలేదు.

విరాళముల సంఘములవారు ఈ కథను ఏటేట వేదికపై చెప్పించుచున్నారు. అనుమతి లేని ఫ్లాట్లను అమ్మించి కమీషను గడించినవాడు ఆ వేదిక ముందు వరుసలో కూర్చుండి విని, లేచి లక్ష రూపాయల కట్టను అందించినప్పుడు ఏమి చేయవలెనో వారు తేల్చుకొనవలసియున్నది. అతని మాట నమ్మి సొమ్ము కట్టినవాడు, కొన్నిచోట్ల ఆ సమాజమువాడే, అద్దె యింట కాపురముండి, కట్టని ఫ్లాటునకు బ్యాంకు వాయిదాలు నెలనెల చెల్లించుచున్నాడు. ఆ కట్టను పుచ్చుకొనుటకు ముందు, “అయ్యా, దీనిని మొదట వారి యింట ఇచ్చి రమ్ము” అని చెప్పగల కార్యదర్శి ఆ సంఘమునకు కావలెను.